జెనిత్, కోనికా, రికో: పేరులేని రీలు కెమెరాలు నికాన్, క్యానన్‌లకు సాటి వస్తయా?

నల్లరీలు | హనుమకొండ

అందరికి నమస్తే. రీలు కెమెరా ఒకటి తీసుకోవాలె. చేతికి అందే ధరల మూడు సెట్లు ఉన్నయి. జెనిత్-ఇ, హీలియోస్ 44-2 లెన్స్‌తోని. కోనికా ఆటోరిఫ్లెక్స్ టి3, హెక్సనాన్ 50 ఎంఎం ఎఫ్/1.7 తోని. రికో కెఆర్-5, రికెనాన్ 50 ఎంఎం ఎఫ్/2 తోని. మూడింటిని కలిపినా నికాన్ ఎఫ్ఎం2 ఒక్క బాడీ ధరను దాటుతలేవు. క్యానన్ ఏఈ-1 మధ్యల ఉన్నది.

తీసేది గుళ్ళు, శిల్పాలు: రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్. 400 స్పీడు నలుపు తెలుపు రీలు, ట్రైపాడ్ ఉన్నది. అడిగేది ఒక్కటే: పేరు లేనందుకు ధర తక్కువనా, పనితనం తక్కువైనందుకా?

---

తోరణం50 | వరంగల్

పాత కెమెరాల్లో ధరకూ పనితనానికీ ఉన్న చుట్టరికం ఎప్పుడో తెగిపోయింది. ఇప్పుడు ధర పెంచేవి వీడియోలు, మెడలో వేసుకుంటే కనబడే పేరు. మీ ప్రశ్నలో లెన్స్ సంగతి వేరు, బాడీ సంగతి వేరు. రెండూ కలిపి అడిగితే జవాబు రాదు.

నార్మల్ లెన్స్ (50 ఎంఎం అటూఇటూ ఉండేది) అనేది 1960ల నాటికే అందరికీ చేతనైన వంట. హీలియోస్ 44-2 కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. జర్మనీ జైస్ వాళ్ల బయోటార్ 58 ఎంఎం ఎఫ్/2 కు రష్యా వాళ్లు చేసిన నకలు, అక్కణ్నుంచి పెరిగిన వంశం. 6 గాజులు, 4 గుంపులు, వెలుతురు రంధ్రాన్ని మూసే 8 బ్లేడ్లు. ఎఫ్/2 దగ్గర, అంటే రంధ్రం పూర్తిగా తెరిచినప్పుడు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), నడిమధ్య పదునుగా ఉంటుంది, అంచుల్లో ఆకులూ వెలుతురు చుక్కలూ సుడి తిరిగినట్టు వస్తాయి. ఎఫ్/8 కు మూస్తే సుడి పోతుంది, పేరున్న లెన్స్‌తో ఉన్న తేడా కూడా దాదాపు పోతుంది. దీని అసలు లోపం కోటింగ్. ఒంటిపొర కాబట్టి ఎదురెండ పడితే బొమ్మ పాలిపోతుంది. 49 ఎంఎం హుడ్ బిగిస్తే సగం బాధ తీరుతుంది.

హెక్సనాన్ 50 ఎఫ్/1.7 ఎవరి పక్కన పెట్టినా తలదించుకునేది కాదు. రికెనాన్ 50 ఎఫ్/2 ప్లాస్టిక్‌లా తేలిగ్గా కనిపిస్తుంది కానీ ఎఫ్/4 దాటాక గీతలు గీసినట్టు ఇస్తుంది.

షట్టర్ వేగం మనం పెడితే ఎపర్చర్‌ను (ఆ రంధ్రం కొలతను) తానే ఎంచుకునే పనికి 1976లో వచ్చిన ఏఈ-1 కు పెద్ద పేరొచ్చింది. కోనికా ఆటో-రిఫ్లెక్స్ ఆ పని 1965లోనే చేసింది. లెన్స్ గుండా వచ్చే వెలుతురును కొలిచే మీటరు 1963లో టాప్‌కాన్ ఆర్ఇ సూపర్‌లో ఉంది. టాప్‌కాన్ అంటే ఇవాళ సర్వే వాళ్లకూ కంటి డాక్టర్లకూ తప్ప ఎవరికి తెలుసు?

---

జగిత్యాల టెసార్ | జగిత్యాల

లెన్స్ సంగతి ఒప్పుకుంట. కానీ ఫొటో తీసేది లెన్స్ ఒక్కటే కాదు గద. బాడీ కాడికి వచ్చేసరికి పేరున్నోళ్లకు పేరు ఊకనే రాలేదు.

జెనిత్-ఇ నే తీస్కో. వ్యూఫైండర్‌ల కనబడేది 20×28 ఎంఎం. రీలు మీద పడేది 24×36. అంటే మూడింట ఒక వంతు నీకు కనబడకుంటనే ఫ్రేంల కొస్తది. కోట తోరణం అంచుల వరకు కొలిచి పెట్టిన అనుకుంటవ్, కడిగినంక చూస్తే పక్కన కరెంటు స్తంభం. షట్టర్ వేగాలు ఐదే: 1/30, 1/60, 1/125, 1/250, 1/500. దానికింద ఇగ బి: నొక్కి పట్టినంతసేపు తెరిచే ఉంటది. ఆ లెన్స్ ఆటోమేటిక్ కాదు, ప్రీసెట్: ఫోకస్ చేసినంక రింగు నువ్వే తిప్పి మూయాలె. మర్చిపోతే ఆ ఫ్రేం ఎఫ్/2 ల పోయినట్టే.

ఎఫ్ఎం2 అయితే 1982 మోడల్, 1 సెకండు నుంచి 1/4000 దాక, సెల్ లేకున్నా షట్టర్ అన్ని వేగాల పని చేస్తది. ఖరాబైతే పార్ట్స్ తీసుకునేతందుకు పాడైన బాడీలు బజార్ల దొరుకుతయి. కోనికాకు అది దొరకదు. పైసలు ఎక్కువ పెట్టేది గందుకు.

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ ఒక మాట మరిసిన్రు. నలభై యాభై ఏండ్ల మిషన్ ఇది. బ్రాండ్ కంటె ఆ ఒక్క పీస్ ఎట్లున్నది అనేదే ఎక్కువ. ఎండిన గ్రీజు నికాన్ అని చూడది, జెనిత్ అని చూడది. చేతిల పట్టుకున్నప్పుడు ఈ వరుసల చూడు తమ్మీ.

లెన్స్ తీసెయ్యి, వెనక తలుపు తెరువు. రీలు ఉన్నదేమో ముందు చూస్కో. కెమెరాను కిటికీ దిక్కు పట్టి 1 సెకండు, 1/2, 1/4 ఒకదాని తర్వాత ఒకటి నొక్కు. లోపల సన్నగ జుర్ర్ మని సాఫ్‌గ సౌండ్ రావాలె. మధ్యల ఆగి ఆగి పోతే స్లో స్పీడు గేర్ల గ్రీజు గట్టిపడ్డట్టు. జెనిత్-ఇ ల ఈ గేర్లే లేవు, గందుకే 1/30 తోని ఆగుతది.

తర్వాత ఫోను తీయి. స్లో మోషన్ 240 ఫ్రేములల పెట్టు. కెమెరా వెనక నుంచి షట్టర్ గేటును (రీలు ముందరి కిటికీని) వీడియో తియ్యి, ఎదురుంగ ట్యూబ్‌లైటు కాదు, ఎండ వెలుతురు ఉండాలె. వీడియోను ఒక్కొక్క ఫ్రేమే జరుపుకుంట గేటు నడుమ ఒకే చుక్కను చూడు, అది ఎన్ని ఫ్రేములల తెల్లగ ఉన్నదో లెక్కపెట్టు. 1/30 కు 8 ఫ్రేములు, 1/60 కు 4, 1/125 కు 2. గేటు మొత్తం చూసి లెక్కపెడితే తప్పు వస్తది. షట్టర్ పరదా (ఒకటి తెరుస్తది, వెనకనే రెండోది మూస్తది) ఈ మూల నుంచి ఆ మూలకు పోయే టైము కూడ అండ్ల కలుస్తది. ఒక ఫ్రేము అటీటు అయితే ఫికర్ లేదు, నెగెటివ్ రీలు ఆపాటి తేడాను మింగుతది.

1/125 దాటితే ఫోను పనికి రాదు.

---

మానేరు | కరీంనగర్

మరి 1/500, 1/1000 ఎట్ల చూడాలె అన్నా? పాత డబ్బా టీవీతోని చూస్తరంట గద?

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

అవు. పాత పిక్చర్ ట్యూబు టీవీ దొరికితే పారెయ్యకు. మన పాల్ పద్ధతిల టీవీ సెకండుకు 15,625 గీతలు గీస్తది. అంటే 1/500 ల 31 గీతలు, 1/1000 ల 15 లేక 16.

లెన్స్ తీసి, తలుపు తెరిచి, కెమెరాను స్క్రీను దగ్గర పట్టి వెనక నుంచి చూసుకుంట నొక్కు. గుడ్డ పరదా అడ్డంగ పోయే కెమెరాల వెలుగు పట్టీ ఏటవాలుగ కనబడ్తది. గీతలు లెక్కపెట్టుడు కంటితోని కాదు. నువ్వు చూడాల్సింది పట్టీ వెడల్పు: ఈ కొన నుంచి ఆ కొన దాక ఒకే తీరు ఉండాలె. ఒక దిక్కు సన్నబడితే రెండో పరదా మొదటిదాన్ని తరుముకుంట పోతున్నట్టు. పూరాగ నల్లగైతే అందుకున్నట్టే. ఫొటోల ఒక పక్క చీకటిగ వచ్చేది గట్లనే.

దానికి స్ప్రింగు బిగించుడే మందు అనుకుంటరు చానమంది. కాదు. ముందు పాత నూనె కడిగి, రోలరు ఇరుసులకు సూది మొన మీద పట్టేంత కొత్త నూనె. స్ప్రింగు బిగిస్తే నాలుగు రోజులు మంచిగ అనిపిస్తది, మురికి మాత్రం అట్లనే ఉంటది, పరదా కుట్లు తెగుతయి.

1/1000 కాడ పాత కెమెరా ఏదైనా 1/700 అట్ల కొట్టుడు మామూలే. నికాన్ అయినా సరే.

---

ఓరుగల్లు డార్క్‌రూం | వరంగల్

మీరు తీయబోయేది రామప్ప కాబట్టి అక్కడి వెలుతురుతో లెక్క వేద్దాం. ఆ లెక్కలోనే ఏ కెమెరా సరిపోతుందో తేలుతుంది.

మండపం లోపల స్తంభాల దగ్గర పగటిపూట 400 రీలుకు సుమారు ఎఫ్/2, 1/30 వస్తుంది అనుకోండి. చెక్కడం లోతు మొత్తం పదునుగా రావాలంటే ఎఫ్/5.6 కావాలి. మూడు స్టాపులు మూసినట్టు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే 1/4 సెకండు. టి3 లో 1 సెకండు దాకా ఉంది, హాయిగా తీయవచ్చు. కెఆర్-5 లో 1/8 దగ్గర ఆగిపోతుంది, ఎఫ్/4 తో సర్దుకోవాలి. జెనిత్‌లో 1/30 తర్వాత బి. కేబుల్ రిలీజు (కెమెరాను ముట్టకుండా షట్టర్ నొక్కే తీగ) పట్టుకుని పావు సెకండును చేత్తో కొలవడం ఎవరి వల్లా కాదు. ఎఫ్/16 కు మూసి 2 సెకండ్లు లెక్కపెడితే కుదురుతుంది. అప్పుడు జెనిత్ కూడా ఏమీ తీసిపోదు, ఓపిక ఉంటే. ట్రైపాడ్‌కు అక్కడి సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి.

రెండోది మదనికలు. చూరు కింద నల్లరాతి బొమ్మలు, వెనక ఆకాశం. మీటరు ఆకాశాన్ని చూసి మోసపోతుంది, బొమ్మ నల్ల నీడై మిగులుతుంది. దగ్గరికి వెళ్లో, టెలి లెన్స్‌తోనో రాతి మీదనే కొలవండి. ఇప్పుడు మీటరు నల్లరాయిని బూడిదరంగు చేయాలని చూస్తుంది. అందుకని వచ్చిన కొలత నుంచి ఒకటి, ఒకటిన్నర స్టాపు మూయండి. రాయి నల్లగానే ఉంటుంది, మెరుపూ చెక్కడమూ నిలుస్తాయి. ఇందులో బ్రాండు పాత్ర సున్నా.

జెనిత్ మీటరు సెలీనియం, లెన్స్ గుండా చూడదు, పైగా వయసుతో బలం తగ్గుతుంది. ఫోనులో లైట్ మీటరుతో పోల్చి చూడండి. దాని మీద రీలు వేగం గోస్ట్ (రష్యా కొలత) అంకెల్లో ఉంటుంది: గోస్ట్ 90 అంటే ఐఎస్ఓ 100 అనుకోండి. పక్కనే డిన్ (జర్మనీ కొలత) ఉంటే ఇంకా తేలిక: 21 అంటే 100, 24 అంటే 200, 27 అంటే 400.

---

నల్లరీలు | హనుమకొండ

చెప్పిన తీరుగనే మూడింటిని చూసిన. లెక్క ఇది:

జెనిత్-ఇ: 1/30 కు 6 ఫ్రేములు, 1/60 కు 3. 1/500 ల టీవీ ముందు పట్టీ ఒక కొనకు సన్నబడి నల్లగైతున్నది. లెన్స్ సాఫ్. ఎపర్చర్ బ్లేడ్ల మీద నూనె మెరుపు.

టి3: 1/30 కు 9, 1/60 కు 4, 1/125 కు 2. స్లో స్పీడులు మంచిగ పలుకుతున్నయి. వెలుతురు చొరకుంట వెనక తలుపుకు ఉండే స్పాంజి జిగట జిగటగ వేలికి అంటుతున్నది. సెల్ పెట్టే అరల ఆకుపచ్చ పొర. మీటరు సూది కదుల్తలేదు.

కెఆర్-5: ఫోనుల అన్నీ కరెక్టు. లెన్స్ లోపల చెట్టు వేర్ల తీరు ఫంగస్, ముందు గాజు వెనక.

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

చూసుడు మంచిగ చూసినవ్. జెనిత్‌ల 6 ఫ్రేములంటే 1/40. అది కాదు రోగం, 1/500 ల నల్లబడుడే రోగం. 1/250 దాక వాడుకుంట అంటే నడుస్తది. ఎండల 400 రీలుతోని మాత్రం ఇబ్బంది: 1/250 తోని ఎఫ్/16 కూడ సరిపోదు, ఒక అరస్టాపు ఎక్కువ పడ్తది. బ్లేడ్ల మీద నూనె గురించి పరేషాన్ గాకు. హీలియోస్ 44-2 ల బ్లేడ్లను చేతితోనే తిప్పుతవ్, స్ప్రింగు మీద ఆధారపడేది కాదు. అదే నూనె ఆటోమేటిక్ లెన్స్‌ల ఉంటే బ్లేడ్లు ఆలస్యంగ మూసుకుంటయి, ఫొటోలు తెల్లబడ్తయి.

టి3 కి మూడు పనులు. మూడూ ఇంట్ల అయితయి.

ముందు సెల్ అర. ఆ ఆకుపచ్చ పొర క్షారం. ఇయర్‌బడ్‌ను వెనిగర్‌ల అద్ది, పిండి, తడి కారకుంట రుద్దు. నురుగు ఆగేదాక. తర్వాత ఐసోప్రొపైల్ స్పిరిట్‌తోని తుడువు, ఆరనియ్యి. రాగి రేకు మెరిసేదాక ఇంకు రబ్బరుతోని రాయి. అప్పటికి సూది కదలకుంటే అర కింద వైరు లోపల తినేసినట్టు. వైరు చివర నల్లగుంటే టంకం పట్టదు, ఎర్రరాగి వచ్చేదాక కత్తిరించి కొత్త ముక్క అతకాలె.

తర్వాత స్పాంజి. టూత్‌పిక్‌తోని పెద్ద ముక్కలు గీకి తియ్యి. పొడి షట్టర్ మీద పడకుంట గేటు మీద కాయితం పెట్టు, టేపు షట్టర్‌కు అంటొద్దు. మిగిలిన జిగటను స్పిరిట్ తడిపిన ఇయర్‌బడ్‌తోని. ఎక్కువ తడిపితే లోపలికి కారుతది. గాడి పూర్తిగ సాఫైనంక 1.5 ఎంఎం నల్ల స్పాంజి సన్న పట్టీలుగ కోసి వెయ్యి. గమ్ము వెనక ఉన్న స్పాంజి అయితే కొంచెం ఉమ్మి రాసి పెట్టు, నవ్వకు, తడిగ ఉన్నంతసేపు అతకది, గాడిల జరుపుకోవచ్చు. ఆరినంక పట్టుకుంటది. స్పాంజి దొరక్కపోతే నల్ల ఊలు దారం గాడిల నొక్కి పెట్టు, గమ్మే అక్కర్లేదు. తలుపు కీలు దిక్కు మాత్రం వెడల్పు పట్టీ కావాలె, అక్కడ నల్ల మఖ్మల్ ముక్క మంచిగ పనిచేస్తది.

వ్యూఫైండర్‌కు బొమ్మ చూపే లోపలి అద్దం కొట్టుకునే కాడ ఇంకో స్పాంజి ఉంటది, జర మందంది. అది పొడి అయితే ఫోకస్ స్క్రీను మీద రాలుతది. తీసేటప్పుడు కెమెరాను తలకిందుల పట్టకు. అద్దాన్ని ముట్టకు. దాని వెండిపూత మీదికే ఉంటది, మన ఇంటి అద్దం లెక్క గాజు వెనక కాదు. ఒక్కసారి తుడిస్తే గీతలే.

క్షణాల అతికే సూపర్ గ్లూ మాత్రం కెమెరా దగ్గరికి రానియ్యొద్దు. దాని ఆవిరి లెన్స్ మీద తెల్లగ పేరుకుంటది.

---

మానేరు | కరీంనగర్

టి3 కి పాదరసం సెల్స్ గద పడేది. ఇప్పుడు అవి బందైనయి. ఎల్ఆర్44 వేసేస్తే సరిపోతది, సైజు దాదాపు అంతే. ఎందుకు ఇంత పరేషాన్?

---

తోరణం50 | వరంగల్

సరిపోదు. పాదరసం సెల్ 1.35 వోల్టులు, చివరిదాకా అదే నిలకడ. ఎల్ఆర్44 కొత్తప్పుడు 1.5 దాటి, వాడుతుంటే దిగజారుతూ పోతుంది. వోల్టు ఎక్కువైతే మీటరు వెలుతురు ఎక్కువుంది అనుకుంటుంది, ఫొటో చీకటిగా వస్తుంది. పైగా ఆ తప్పు ఎండలో ఒకలా, నీడలో ఇంకోలా ఉంటుంది కాబట్టి ఐఎస్ఓ అంకె మార్చి సరిచేయడం కుదరదు.

టి3 యజమానులకు ఇక్కడ ఒక అదృష్టం ఉంది. దానికి పడేవి 675 సైజు సెల్స్ రెండు. చెవి మిషన్లలో వేసే 675 జింక్-ఎయిర్ సెల్ కూడా అదే సైజు, 1.4 వోల్టులు. చెవి మిషన్లు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. స్టిక్కరు తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి పీల్చనిచ్చి వేయండి. తీసిన రోజు నుంచి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, వాడినా వాడకపోయినా. అందుకే అవసరమైన ముందురోజే స్టిక్కరు తీయాలి.

625 సైజు కావలసిన మినోల్టా ఎస్ఆర్‌టి 101 లాంటి వాటికైతే ఇదే 675 సెల్ చుట్టూ రబ్బరు వాషరు వేసి లావు చేయాలి, అర వెడల్పు 16 ఎంఎం కాబట్టి.

పెంటాక్స్ స్పాట్‌మేటిక్‌లో ఈ గొడవే లేదు. దాని మీటరు బ్రిడ్జి సర్క్యూటు, వోల్టు కొంచెం అటూఇటూ అయినా సూది నడిమధ్య అంటే నడిమధ్యే. పేరున్న కంపెనీ అని కాదు, ఆ ఒక్క డిజైను అంత తెలివైనది.

---

జగిత్యాల టెసార్ | జగిత్యాల

చూసిన్రా, ఒక కెమెరాకు వెనిగరు, ఊలు దారం, చెవి మిషను సెల్లు. ఎఫ్ఎం2 కు మామూలు బటన్ సెల్స్ రెండు వేసి బయటికి పోవుడే.

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

టెసార్ అన్నా, ఎఫ్ఎం2 కు స్పాంజి ఉండదా ఏంది? అది కూడ జిగటైతది. ఏఈ-1 అయితే అద్దం గేరు ఎండి నొక్కినప్పుడల్ల దగ్గుతది, ఆరు వోల్టుల 4ఎల్ఆర్44 సెల్ అయిపోతే షట్టరే పడది. మినోల్టా ఎక్స్-700 ల కెపాసిటర్ పోతది. యాషికా ఎలక్ట్రో 35 ల లోపలి రబ్బరు ముక్క కరిగిపోతది: లీవరు తిప్పినప్పుడు టక్‌మని సౌండ్ రాకపోతే అది పోయినట్టే, పైన మంచి పీస్ లెక్కనే కనబడ్తది. ప్రతిదానికి దాని రోగం దానికి ఉన్నది. పేరున్నదాని రోగానికి మందు ఎక్కడ దొరుకుతదో అందరికి తెలుసు, గంతే తేడా.

ఆ తేడా చిన్నదేం కాదు, అది ఒప్పుకుంట. టి3 లోపల గేరు ఇరిగితే ఇంకో టి3 ని చంపాలె.

---

నిర్వాహకుడు

ధరలు, ఎవరి దగ్గర దొరుకుతుంది అనే మాటలు కొనుగోళ్ల విభాగంలో పెట్టండి. ఇక్కడ వద్దు.

---

తోరణం50 | వరంగల్

పేరు గురించి ఇంకో మాట. నికాన్ ఎఫ్ఎం10, ఒలింపస్ ఓఎం2000, క్యానన్ టి60, యాషికా ఎఫ్ఎక్స్-3: ఈ నాలుగూ చేసింది కొసినా అనే ఒకే కంపెనీ. అదే కంపెనీ తన పేరుతో అమ్మితే ఎవరూ ముట్టరు, నికాన్ పేరు అతికిస్తే ముట్టుకుంటారు. వివిటార్ లెన్స్‌లదీ అంతే. వివిటార్ ఏదీ తయారు చేయలేదు, చేయించింది. సీరియల్ నంబరులో మొదటి రెండంకెలు చూడండి: 22 అయితే కినో, 28 అయితే కొమీనే, 37 అయితే టొకినా. మదనికల కోసం 135 ఎంఎం వెతికేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు మౌంటు, అంటే లెన్స్ బాడీకి బిగిసే చోటు, ఎందుకంటే బాడీ పోయినా లెన్స్ మిగలాలి. కెఆర్-5 ది పెంటాక్స్ కె మౌంటు. రేపు పెంటాక్స్ కె1000 కొన్నా అదే లెన్స్ పడుతుంది. జెనిత్ ఎం42 మర, మౌంటు నుంచి రీలుకు దూరం 45.46 ఎంఎం. పెంటాక్స్ కె కూడా అంతే, కాబట్టి రింగు వేస్తే అనంతం దాకా ఫోకస్ వస్తుంది. నికాన్‌కు 46.5 ఎంఎం. ఎం42 లెన్స్ నికాన్ మీద వేస్తే, మధ్యలో గాజు లేని రింగు అయితే, దూరపు గోపురం ఎప్పటికీ పదునెక్కదు. కోనికాకు 40.5 ఎంఎం, చాలా దగ్గర. హెక్సనాన్ వేరే ఏ పాత ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మీదా కూర్చోదు, మిర్రర్‌లెస్ డిజిటల్ మీదే. కోనికా కొంటే కోనికా ఇంట్లోనే కాపురం.

నికాన్‌లో కూడా గోతులు ఉన్నాయి. 1977కు ముందటి, ఏఐ (ఎపర్చర్‌ను మీటరుకు చెప్పే నికాన్ పద్ధతి) కాని లెన్స్‌ను ఎఫ్ఎం2 మీద బలవంతంగా తిప్పితే మౌంటు అంచున ఉండే మీటరు నాలుక విరుగుతుంది.

---

నల్లరీలు | హనుమకొండ

కెఆర్-5 లెన్స్ ఫంగస్ పోతదా? వానకాలంల ఇక్కడ మళ్ళ పడ్తదా?

---

ఓరుగల్లు డార్క్‌రూం | వరంగల్

ముందు గాజు వెనకే ఉంటే తీసి కడగవచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా సమపాళ్లలో కలిపి, గాజును రెండు మూడు నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ నీళ్లతో కడగండి. కిటికీలు తెరిచి చేయండి. అతికిన జంట గాజుల మధ్య ఫంగస్ ఉంటే మాత్రం ముట్టకండి. కడిగాక టార్చి వెనక నుంచి వేసి చూడండి. సన్న వేర్ల గుర్తులు ఇంకా కనిపిస్తే కోటింగ్ తినేసింది, అది తిరిగి రాదు. ఎదురెండలో తప్ప ఫొటోలో పెద్దగా తెలియదు కూడా.

వానాకాలంలో గాలి చొరని డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలవాలి. నీలం జెల్ గులాబీ రంగుకు మారితే 120 డిగ్రీల్లో రెండు గంటలు వేయించి మళ్లీ వాడుకోవచ్చు. తోలు కేసులో దాచకండి, ఫంగస్‌కు అది పుట్టిల్లు. నాఫ్తలీన్ గోలీలు కూడా వద్దు.

మన దగ్గర వానకంటే ఎండ తక్కువ శత్రువేం కాదు. మే నెలలో కారులోనో, రేకుల గదిలో బీరువాలోనో లెన్స్ పెడితే ఫోకస్ గ్రీజు పలచబడి బ్లేడ్ల మీదికి పాకుతుంది. జెనిత్‌లో మీరు చూసిన నూనె మెరుపు చాలావరకు అదే.

---

జగిత్యాల టెసార్ | జగిత్యాల

సరే, మూడు కెమెరాలను పోల్చేటోళ్ళు పోల్చే పద్ధతి కూడ చెప్పుకోవాలె. ల్యాబుల చిన్న స్కాన్ చేయించుకొని ఫోనుల చూసి హీలియోస్ నికాన్‌కు సమానం అంటే ఎట్ల? ఫోను తెర మీద అన్నీ సమానమే.

ఒకే రకం రీలు, ట్రైపాడ్, కేబుల్ రిలీజు. రెండు మీటర్ల దూరంల గోడకు పేపరు అతికియ్యి, నడుమ ఒకటి, నాలుగు మూలల నాలుగు. చిన్న అక్షరాల పేజీలు, వర్గీకృత ప్రకటనలు మంచియి. ఎఫ్/2 ల ఒకటి, ఎఫ్/4 ల ఒకటి, ఎఫ్/8 ల ఒకటి. ప్రతిదానికి ఫోకస్ చెదరగొట్టి మళ్ళ పెట్టు. స్కాన్ కనీసం 2400 డీపీఐ, అప్పుడు 3400×2270 పిక్సెళ్ళు వస్తయి. మూలల వత్తులు చదువొస్తున్నయా చూడు. అంతకంటె మంచిది నెగెటివ్‌నే లైటు మీద పెట్టి లూపుతోని (చిన్న భూతద్దంతోని) చూసుడు.

---

ఓరుగల్లు డార్క్‌రూం | వరంగల్

దీనికి ఒకటి చేర్చాలి. రీలు కడగడంలో తేడా వస్తే పోలికంతా వృథా. హెచ్‌పీ5 రీలును డి-76 డెవలపర్ మందులో ఒకటికి ఒకటి నీళ్లు కలిపి 20 డిగ్రీల్లో 11 నిమిషాలు. వేసవిలో మన కొళాయి నీళ్లు 32 దాకా ఉంటాయి. లీటరు నీళ్లను 32 నుంచి 20 కి దించడానికి సుమారు 120 గ్రాముల ఐసు పడుతుంది. ఐసును నేరుగా వేయకండి, మందు పలచబడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి ముంచి, థర్మామీటరు 20 చూపగానే తీసేయండి. ఫిక్సరు, కడిగే నీళ్లు కూడా అటూఇటూగా అదే వేడిలో ఉండాలి.

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

పేపరు పరీక్ష కంటె ముందు ఇంకోటి. వ్యూఫైండర్‌ల పదునుగ కనబడి రీలు మీద మెత్తగ వస్తే లెన్స్‌ను తిడ్తరు. తప్పు లెన్స్‌ది కాదు, అద్దం ఆగే పిన్ను జరిగినట్టు. ఎవరో విప్పి బిగించిన జెనిత్‌లల ఇది చాన ఎక్కువ.

తలుపు తెరిచి, రీలు జారే లోపలి రెండు పట్టాల మీద బటర్ పేపరు గట్టిగ గుంజి టేపు వెయ్యి. షట్టర్ బి ల పెట్టి కేబుల్‌తోని లాక్ చెయ్యి. లెన్స్ పూరాగ తెరిచి, భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి అవతలి ఒడ్డు కరెంటు టవర్‌ను పట్టు. బటర్ పేపరు మీద టవర్ తలకిందుల పడ్తది. లూపుతోని చూసుకుంట పదునయ్యేదాక తిప్పు. లెన్స్ మీద అనంతం గుర్తు కాడికి రావాలె. ఇప్పుడు షట్టర్ మూసి వ్యూఫైండర్‌ల చూడు. అక్కడ కూడ పదునే ఉంటే బాడీ సై. లేకుంటే ఆ కెమెరాను అక్కడనే వదిలెయ్యి.

---

నల్లరీలు | హనుమకొండ

టి3 అర కడిగిన. సూది లేచింది. చెవి మిషను సెల్స్ వేస్తే ఫోను మీటరుతోని పోల్చితే ఎండల తేడా లేదు, ఇంట్ల అరస్టాపు తక్కువ చూపుతున్నది. బటర్ పేపరు పరీక్షల టవర్ రెండు దిక్కుల పదును. టి3 ఖాయం చేస్తున్న. హీలియోస్ లెన్స్ ఒక్కటే విడిగ ఇస్తమంటున్నరు, అది డిజిటల్ మీదికి తీసుకుంట.

---

జగిత్యాల టెసార్ | జగిత్యాల

మంచిదే. ఎఫ్ఎం2 పక్కన పెట్టి పేపరు పరీక్ష చేసుకుందాం ఒకపారి. నెగెటివ్‌లు పట్కరా.

---

కాజీపేట జంక్షన్ | కాజీపేట

ఇంట్ల అరస్టాపు అంటే పట్టించుకోకు. మొదటి రీలుల ఒక్క ఫ్రేము వృథా చెయ్యి: లీవరు తిప్పి, లెన్స్‌కు మూత పెట్టి, కెమెరాను ఎండల ఐదు నిమిషాలు అటు ఇటు తిప్పుకుంట పెట్టు. మూత తీయకుంటనే నొక్కి ముందుకు జరుపు. కడిగినంక ఆ ఫ్రేము గాజు లెక్క తెల్లగ ఉంటే స్పాంజి మంచిగ పడ్డది. అంచున నల్ల మచ్చ ఉంటే ఏ దిక్కు ఉన్నదో చూసి ఫొటో ఇక్కడ పెట్టు. కీలు దిక్కు అయితే మఖ్మల్ ఇంకో పొర వేస్తే సరిపోతది.